తల్లుల గదిలో పెద్ద డబ్బాలు

ముందుగా ఒక మాట. ఇందులో ఒత్తులు తప్పి ఉంటే, దీర్ఘాలు ఎక్కడైనా జారిపోయి ఉంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. మా ఆయన పోయాక పక్కింటి మేబెల్ టీచర్ సాయంత్రాలు తన వరండాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. ఇప్పటికీ నా చెయ్యి నా ఆలోచనకు చాలా వెనక నడుస్తుంది. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. వానల్లో మొదలుపెట్టిన ఈ రాత చలి వచ్చాక గానీ ముగియలేదు. "తప్పులు నేను చూసుకుంటాలే, నువ్వు జరిగింది జరిగినట్టు రాయి" అని టీచర్ అంది కాబట్టి ధైర్యం చేశాను.

మా చర్చికి వెనక ఒక చిన్న గది ఉంది. దాన్ని తల్లుల గది అంటారు. ప్రసంగం మధ్యలో పసిపిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకుని లేచి అక్కడికి పోవాలి. ఒక మంచమూ ఒక బీరువా వేస్తే నిండిపోయేంత గది. మూడు వైపులా నున్నటి సున్నం గోడలు, నాలుగో వైపు పెద్ద అద్దం. అద్దంలోంచి ప్రసంగ వేదిక దగ్గర పాస్టరు అయ్యగారు చేతులు ఊపడం కనిపిస్తుంది. మాట మాత్రం వినబడదు. గోడకు పైన ఎప్పటిదో ఒక రేకు స్పీకరు ఉండేది. అది స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పే గొంతులాగా ఏదో గొణిగేది.

నా బిడ్డలు పసివాళ్లుగా ఉన్నన్నాళ్లూ నా ఆదివారాలు ఆ గదిలోనే గడిచాయి. ఇంటికి వచ్చి నేను అన్నం వారుస్తుంటే మా ఆయన జకర్యా గడప మీద కూర్చుని, "ఇవాళ అయ్యగారు ఏం చెప్పారో తెలుసా సలోమీ?" అని మొదలుపెట్టేవారు. ఆయనది బాపట్ల వైపు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా, బండ్లకు పట్టాలు మార్చే పని చేసేవారు. నాకు చదువు రాదు. మౌలాలిలో నా చిన్నప్పుడే మా అమ్మ పోతే తమ్ముళ్లను పెంచడంలోనే నా బడి వయసు అయిపోయింది. అందుకని ఆయన చెప్పిందే నాకు ప్రసంగం. అంతా పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఓపిక గురించి అయితే సిగ్నల్ పడక ఔటర్లో నిలబడిపోయిన డ్రైవరు కథ, క్షమించడం గురించి అయితే తప్పు పట్టాలెక్కిన బండిని వెనక్కి తీసిన కథ. పిల్లలు పెద్దవాళ్లయ్యాక నేను మళ్లీ ముందు వరసల్లో కూర్చుని విన్నప్పుడు గానీ తెలియలేదు, మా అయ్యగారు తన జన్మలో ఒక్క రైలు గురించి కూడా చెప్పలేదని. అడిగితే, "సారం అదే కదా" అనేవారు ఆయన.

ఆయన పోయి ఏడాది నిండబోతుండగా జ్ఞాపకార్థం ఏమివ్వాలన్న మాట వచ్చింది. మా సంఘంలో పోయినవాళ్ల పేరు మీద చర్చికి ఏదో ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు ఉంటాయి. ఫ్యాను ఆపితేనే ఎవరి గాలి తింటున్నామో తెలుస్తుంది. నేను ఆలోచించకుండానే చెప్పాను, తల్లుల గదికి మంచి స్పీకర్లు ఇస్తానని. ఇంకే తల్లీ మొగుడు ఇంటికొచ్చి చెప్తే తప్ప వాక్యం తెలియని స్థితిలో ఉండకూడదని.

మా అమ్మాయి హదస్సా నన్ను రెజిమెంటల్ బజార్‌లో అస్లం దుకాణానికి తీసుకుపోయింది. అస్లం వాళ్ల నాన్న రేడియోలు బాగు చేసే కాలం నుంచి మాకు తెలిసిన కొట్టు. పొడుగ్గా, ముందంతా రోడ్డుకు తెరిచి ఉంటుంది. అస్లం కుర్చీ తుడిచి వేశాడు.

"రూం ఎంతుంటదమ్మా?"

చెప్పాను. అతను పై అరలోంచి చెప్పుల డబ్బాను నిలబెట్టినంత ఉన్న రెండు చెక్క స్పీకర్లు దించాడు.

"గట్లయితే ఇవి చాలు. చిన్నగున్నయని చూడకు. చిన్న రూంల పెద్ద డబ్బాలు పెడ్తే ఆవాజ్ అంత గోడలకు కొట్టుకొని గడబిడైతది."

నేను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాను. ముందంతా జాలీ. పక్కన చూస్తే అరచేయంత చెక్క.

"దీని మీద పేరు యాడ రాయాలె?"

"పేరా?"

"మా నాన్న జ్ఞాపకార్థం ఇస్తున్నం భాయ్," అంది హదస్సా. "అమ్మ సొంతంగ పేరు రాస్తదంట."

"దానికేముంది, ఒక చిన్న స్టిక్కర్ ఏపిస్తా."

"ఆయనేమన్న యాపిల్ పండా, స్టిక్కర్ ఏస్తందుకు?" అన్నాను.

హదస్సా పక్కకు తిరిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నదే ఆయన పోయాక. ఆయన పేరు నా చేత్తో రాస్తే ఒక్కసారైనా ఆయన చూడలేదు. ఆయన పేరు నలుగురూ చూసేటట్టు నేనే రాయాలని నా కోరిక. దుకాణం మూల నా నడుము ఎత్తున రెండు నల్ల డబ్బాలు నిలబడి ఉన్నాయి. పక్కలు నున్నగా, వెడల్పుగా, రాయమని పిలుస్తున్నట్టు ఉన్నాయి.

"అవి పెట్టు, విందాం."

అస్లం పెట్టాడు. ఎవరిదో ప్రార్థన. ఆ గొంతు దుకాణమంతా నిండి రోడ్డు మీదికి పోయింది. ఎదురుగా చెరకు రసం అమ్మేవాడు కూడా తలెత్తి చూశాడు.

"ఇవే."

"అమ్మా, నా దుకాణం వేరు, మీ రూం వేరు. జెర సోంచాయించు."

"సోంచాయించినా. ఇవే."

అమ్మేవాడే వద్దంటుంటే కొన్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంటికి తెచ్చి, వరండాలో పాత చీర పరిచి, డబ్బాను పడుకోబెట్టి తెల్ల పెయింటుతో రాశాను. పి. జకర్యా గారి జ్ఞాపకార్థం. కింద భార్య సలోమి. ఒక్కో అక్షరం నా అరచేయంత. మేబెల్ టీచర్ చూసి ఏమీ దిద్దలేదు. తన ఇంట్లోకి పోయి టీ తెచ్చి ఇచ్చింది.

అయ్యగారు ప్రార్థించి వాటిని ప్రతిష్ఠించారు. తల్లుల గదిలో రెండు మూలలకూ గోడకు ఆనించి నిలబెట్టారు. అంతకంటే చోటు లేదు. సంఘ పెద్ద డేవిడ్ రాజు గారు పేరు చదివి, "మీ చేతిరాతే? చాలా బాగుందమ్మా" అన్నారు. ఆ ఆదివారం నేను కూడా తల్లులతో పాటు చాప మీద కూర్చున్నాను. సుకన్య అనే అమ్మాయి తన పాపను నా ఒళ్లో పెట్టింది. ప్రసంగం మొదలైంది.

నాకు ఒక్క మాట అర్థం కాలేదు.

శబ్దం లేక కాదు, శబ్దం చాలా ఉంది. అయ్యగారి గొంతు గుంయ్ గుంయ్ మని నేలలోంచి, గోడల్లోంచి వస్తోంది. ఖాళీ గంగాళంలో తల పెట్టి ఎవరో మాట్లాడుతున్నట్టు ఒక మాట మీద ఇంకో మాట పడి కలిసిపోతోంది. చుట్టూ చూశాను. తల్లులందరూ అద్దం వైపు చూస్తూ నెమ్మదిగా తలాడిస్తున్నారు. అయిపోయాక సుకన్య నా చేతులు పట్టుకుని, "మస్తుగుందాంటీ" అంది. మిగిలిన వాళ్లూ అదే అన్నారు.

మరుసటి ఆదివారమూ అంతే. అద్దం అవతల అయ్యగారు వేలెత్తి ఏదో గట్టిగా చెప్తున్నారు. నా చెవుల్లో గంగాళం మోగుతోంది. అందరూ తలాడిస్తున్నారు. అందరికీ వినబడుతోంది. నాకే వినబడడం లేదు.

అప్పుడు నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది.

మా అత్తమ్మకు చెవుడు ఇలాగే మొదలైంది. శబ్దం వినబడేది, మాట విడిపోయేది కాదు. పళ్లెం కింద పడితే ఉలిక్కిపడేది. కూర బాగుందా అని అడిగితే, "అవునమ్మా, ఎండలు ముదిరాయి" అనేది. చెవుడని ఎవరికీ తెలియకూడదని అన్నిటికీ ఒకటే నవ్వు నవ్వి తలాడించడం అలవాటు చేసుకుంది. ఒక పెళ్లిలో ఎవరో ఆవిడ తన కొడుకు పోయిన సంగతి చెప్పుకుని ఏడుస్తుంటే, మా అత్తమ్మ అదే నవ్వు నవ్వుతూ తలాడించింది. ఆ ఏడ్చే ఆవిడ ముఖం నేను మర్చిపోలేదు. ఆ తర్వాత మా అత్తమ్మతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నాకు చెవులు పోవడం అంటే మామూలు సంగతి కాదు. నాకు తెలిసిందంతా చెవుల్లోంచి వచ్చిందే. పాటలు, వాక్యాలు, వంటలు, ఏ బస్సు ఎక్కడికి పోతుందన్నదీ, అన్నీ విని పెట్టుకున్నవే. అక్షరాలు నిన్నగాక మొన్న వచ్చాయి. అవి నన్ను ఇంకా మోయలేవు. అక్షరాలు ఇంట్లోకి వస్తుంటే చెవులు మూట సర్దుకుంటున్నాయా అని భయం పట్టుకుంది.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నాకు నేనే పరీక్ష పెట్టుకోవడం మొదలుపెట్టాను. టీచర్ ఇంట్లో పోపులో ఆవాలు చిటపటలాడితే వినబడుతోంది. అది లెక్కలోకి రాదు, అత్తమ్మకూ పళ్లెం వినబడేది. ఫోన్లో తమ్ముడి మాటలు అర్థమవుతున్నాయి. అదీ లెక్కలోకి రాదు, ఫోను చెవికి ఆనించే ఉంటుంది కదా. టీవీ సౌండు బాగా తగ్గించి, ముందుకు వంగి, మాట మాట పట్టుకుంటూ కూర్చునేదాన్ని.

హదస్సాది ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగం. ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుంది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏందమ్మా, టీవీ చూస్తున్నవా, దొంగతనం చేస్తున్నవా? సౌండ్ పెట్టుకోరాదు!"

"నాకు వినబడ్తనే ఉన్నది."

"నాకు వినబడ్తలేదు మరి."

ఆ మాట విని ఆ రోజు కొంచెం బాగా నిద్ర పట్టింది. కానీ మళ్లీ ఆదివారం వచ్చేసరికి అదే గంగాళం, అవే తలలు.

ఒక రోజు మార్కెట్‌కని బయలుదేరి ఒక డాక్టర్ బోర్డు ముందు ఆగాను. చెవి, ముక్కు, గొంతు అని కూడబలుక్కుని చదివాను. చదవగలిగానన్న సంతోషం కూడా మిగల్లేదు. లోపలికి పోతే నిజమని చెప్పేస్తారు. కూరగాయల సంచీ గట్టిగా పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

ఆ వారం తల్లుల గదిలో అద్దం మీద వెలుతురు పడి అవతల అయ్యగారి బదులు మా ముఖాలే కనబడ్డాయి. నా ముఖం చూసుకున్నాను. మా అత్తమ్మ నవ్వు నవ్వుతూ తలాడిస్తున్నాను.

ఆ తర్వాతి ఆదివారం పోకూడదనే అనుకున్నాను. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. ఆ అడిగింది నాకు సరిగా వినబడకపోతే? చివరికి ఆలస్యంగా బయలుదేరాను. బొల్లారం గేటు దగ్గర గేటు పడింది. గూడ్సు బండి ఒకటి తీరిగ్గా పోయింది. చర్చికి చేరేసరికి ప్రసంగం సగంలో ఉంది. ముందు గుమ్మంలోంచి పోతే అందరూ చూస్తారని పక్క వరండాలోంచి వెనక్కి నడిచాను.

తల్లుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. తల్లులందరూ పిల్లలను వేసుకుని వరండాలో, చర్చి పక్క కిటికీ కింద గుంపుగా కూర్చున్నారు. చెవులు కిటికీకి పెట్టి వింటున్నారు. నేను స్తంభం వెనకే ఆగిపోయాను.

సుకన్య పక్కనున్న అమ్మాయితో గుసగుసగా అంటోంది. "సలోమి ఆంటీ వస్తదేమో జెర చూస్తుండు. రాంగనే లోపలికి పోయి స్విచ్ ఏద్దాం."

"ఇయ్యాల రాదేమో అక్కా, లేటయింది కదా."

"రాకుంటే బతికిపోయినం. ఆ డబ్బాల ఒక్క ముక్క సుత సమజైతలేదు. పొట్టల దడదడ. మా చిన్నది నిద్రల ఉలిక్కిపడ్తది."

"చెప్పరాదు మరి ఆంటీకి?"

"ఎట్ల చెప్తం? పోయిన అంకుల్ పేరు మీద ఇచ్చింది. సొంతంగ రాసుకున్నది పేరు. పాపం, మనసు నొస్తది."

స్తంభం చల్లగా ఉంది. దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. మొదట నాకు వాళ్లు అన్న మాట తలకెక్కలేదు. వాళ్లు గుసగుసగా అన్నారన్నదే తలకెక్కింది. అంత దూరంలో, అంత మెల్లగా అన్నది ఒక్కో మాటా నాకు వినబడింది. అది అర్థమయ్యాక, అన్నదేమిటో అర్థమైంది. వాళ్లకూ ఏమీ తెలియడం లేదు. ఎవరికీ తెలియడం లేదు. ఇన్ని వారాలూ నన్ను చూసి వాళ్లు తలాడించారు, వాళ్లను చూసి నేను తలాడించాను.

స్తంభం వెనక నుంచి బయటికి వచ్చాను. సుకన్య ముఖం తెల్లబోయింది. పాపను ఎత్తుకుని లేవబోయి మళ్లీ కూలబడింది.

"ఆంటీ... మేం ఊకెనే, గాలి కోసమని..."

"మీకు సుత అర్థమైతలేదా?"

అందరూ సుకన్య వైపు చూశారు.

"చెప్పు సుకన్యా. నిజం చెప్పు. ఒక్క ముక్క సుత?"

ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క ముక్క సుత లేదాంటీ."

"దేవునికి స్తోత్రం!" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. కిటికీ అవతల రెండు మూడు తలలు తిరిగాయి. నాకు నవ్వు ఆగలేదు. వరండాలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్లంతా ఊగిపోయేటట్టు నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపు కూడా వచ్చింది. సుకన్య పాప నన్ను చూసి తనూ నవ్వింది. డేవిడ్ రాజు గారు చెప్పులు కూడా వేసుకోకుండా పక్క గుమ్మంలోంచి వచ్చారు.

"ఏంటమ్మా ఈ గోల? లోపల వాక్యం జరుగుతోంది!"

"రాజు గారూ, మీరెప్పుడన్న తల్లుల గదిల కూసొని విన్నరా?"

ఆయన ముఖంలో కోపం పోయి ఏదో ఇబ్బంది వచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒకసారి విన్నానమ్మా. రెండో వారమే. మీకెలా చెప్పాలో తెలియక..."

"చెప్పకపోతిరి! చెవిటిదాన్నయితున్న అనుకొని నేను సగం సచ్చిన!"

సుకన్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో ఆంటీ! మీకు చెవుడనుకున్నరా?"

"మరి మీరందరు బ్రహ్మాండంగ తలకాయలు ఊపుతుంటిరి!"

"మీరు ఊపుతున్నరని మేం ఊపినం!"

ఆ రోజు ప్రసంగం చివరి భాగం నేనూ ఆ కిటికీ కిందే కూర్చుని విన్నాను. గాలికి ఆకులు రాలుతుంటే ఆ చప్పుడు కూడా విన్నాను.

నేను కబురు పెడితే శనివారం అస్లం చర్చికి వచ్చాడు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. చప్పుడు గోడకూ అద్దానికీ మధ్య గింగిర్లు కొట్టింది. నా వైపు చూశాడు.

"నేను చెప్పలేదా అమ్మా?"

"చెప్పినవ్ బిడ్డా. నాకు అప్పుడే చెవుడు."

అతను పెద్దగా నవ్వి, పెద్ద డబ్బాలను మూలల్లోంచి లాగి గది మధ్యకు జరిపాడు. గుంయ్‌మనడం కొంత తగ్గింది. కానీ తల్లులు చాప వేసుకోవడానికి చోటే మిగల్లేదు. వాటిని బయటపెట్టించి, తెచ్చిన చిన్న జతలు రెండు విప్పాడు.

"పాట పెట్టి చూద్దమా?"

"పాట ఎందుకు? ఈ గదిలకు రావాల్సింది మాట. సుకన్యా, పోయి మైకుల మాట్లాడు."

"ఏం మాట్లాడాలె ఆంటీ?"

"నీ ఇష్టం. పొద్దుగాల ఇంట్ల ఏమైందో చెప్పు."

పాపను నా ఒళ్లో పెట్టి ఆ పిల్ల చర్చిలోకి పోయింది. పాప నిద్రలో ఉంది. నేను చాప మీద, తల్లులు కూర్చునే చోటే కూర్చున్నాను. మొదటి జతను అస్లం ఎత్తున, సీలింగు దగ్గర పట్టుకున్నాడు. సుకన్య గొంతు మా తలల మీదుగా ఎక్కడికో పోయింది.

"కిందికి తే. మేం కూసునేది నేల మీద."

"పిల్లలు గుంజి పడేస్తరమ్మా."

ఇద్దరం వాదించుకుని చివరికి నడిచే పిల్లల చెయ్యి అందనంత ఎత్తులో, మూలలకు దూరంగా, ముఖం మా వైపు కిందికి వంచి పెట్టాలని తేల్చుకున్నాం. ఇప్పుడు మాటలు తెలిశాయి. అయితే స అన్నప్పుడల్లా సూదితో పొడిచినట్టు ఉంది. నా ఒళ్లో పాప రెప్పలు అదిరాయి, చేతులు ఎగిరాయి.

"ఇది కాదు," అన్నాను. "నిద్రపోయే పిల్లను లేపొద్దు. మేల్కొని ఉన్న తల్లికి మాట చేరాలె. గసువంటిది కావాలె."

"మస్తు షరతు పెట్టినవమ్మా," అంటూ రెండో జత తగిలించాడు. చూడడానికి ఇదే సాదాగా ఉంది. "షురూ చెయ్యి చెల్లే!" అని సుకన్యకు కేకేశాడు.

అద్దం అవతల సుకన్య మైకు పట్టుకుంది.

"పొద్దుగాల మా ఆయనకు పాలు చూడమని చెప్పి నేను స్నానానికి పోయిన. ఫోన్ చూసుకుంట కూసున్నడు. పాలన్ని పొంగి పొయ్యి మీద పోయినయ్. ఏందయ్యా అంటే, నాకు వినబడలేదన్నడు. వినబడలేదంట! చెవుల కాడ నిలబడి చెప్పిన..."

సుకన్య నా పక్కన చాప మీద కూర్చుని మోకాలు తట్టి చెప్తున్నట్టే ఉంది. ఆమె మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. కోపంలో దాగిన నవ్వు కూడా తెలిసింది. పాప కదల్లేదు. నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతూనే ఉంది.

నేను కళ్లు మూసుకున్నాను. ఇన్ని వారాలుగా బిగుసుకుపోయిన నా మెడా భుజాలూ మెల్లగా వదులయ్యాయి.

"ఎట్లుందమ్మా?" అన్నాడు అస్లం.

"జెర ఆగు. ఆమె మొగుని సంగతి పూర్తిగ వినని."

ఎదురు గోడకు అడ్డంగా దళసరి తెర వేయమని అస్లం సలహా ఇచ్చాడు. అంతా నున్నటి గోడలైతే మాట జారి తిరుగుతూనే ఉంటుందట. తల్లులు తలా ఒక పాత బొంత తెచ్చారు. నేను వాటిని కలిపి కుట్టి తెరలాగా వేలాడదీశాను. పిల్లలు దాని వెనక దాక్కుని ఆడుకుంటారు.

పెద్ద డబ్బాలను అస్లం వెనక్కి తీసుకుంటానన్నాడు. డేవిడ్ రాజు గారు ఒప్పుకోలేదు. "జ్ఞాపకార్థం ఇచ్చినవి చర్చి ఆవరణ దాటకూడదమ్మా. ముందు మైదానంలో ప్రార్థన కూటాలకు ఇలాంటివే కావాలి" అన్నారు. మైదానానికి అవి సరిగ్గా సరిపోయాయి. గోడలు లేని చోట అయ్యగారి గొంతు హాయిగా విచ్చుకుని రోడ్డు దాకా పోతుంది. మా ఆయన పేరు ఇప్పుడు చర్చి ముందే, నేను కోరుకున్న దానికంటే ఎక్కువ మంది చూసేటట్టు ఉంది. యూత్ వాళ్లు దాని మీద టీ గ్లాసులు పెడుతున్నారు. ఆయనకు టీ అంటే ఇష్టమే కాబట్టి నేనేమీ అనలేదు.

చిన్న వాటి మీద ఏ పేరూ రాయలేదు. రాయడానికి చోటు లేదు, స్టిక్కరు వేయించడానికి నాకు ఇప్పటికీ మనసు రాలేదు.

అవి పెట్టాక మొదటి ఆదివారం ఆ గదిలో కూర్చుని ప్రసంగమంతా విన్నాను. మాట నిలబెట్టుకోవడం గురించి చెప్పారు. తల్లుల్లో ఎవరూ తలాడించలేదు. ఒక అమ్మాయి మధ్యలో, "అది మాత్రం కష్టం" అని పైకే అంది. ఇంకో అమ్మాయి పిల్లకు పాలిస్తూ కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం హదస్సా డ్యూటీ నుంచి వచ్చింది. నేను అన్నం వడ్డిస్తూ, "ఇయ్యాల అయ్యగారు ఏం చెప్పిండ్రో తెలుసా?" అని మొదలుపెట్టాను. అంతా చెప్పాను. మాట ఇచ్చిన పాయింట్స్‌మన్ ఒకడు హోరువానలో కూడా లాంతరు పట్టుకుని పట్టాల పక్కన నిలబడ్డ సంగతి చెప్పాను. హదస్సా ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఆగమ్మా. ఈ రైలు అయ్యగారిదా, నాన్నదా?"

"నాది," అన్నాను. "చారు పోసుకో."

సలోమి, వయసు అరవై ఎనిమిది, ప్రస్తుతం ఉండేది బొల్లారం.